షెడ్డు గేమ్ డైరీ: షాట్‌గన్ వదలని ప్లేయర్లు, మేకులు, అయస్కాంతం

మే, ఎండలు ముదిరాక

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాఖిమిడిలో ఉంటూ ఖాళీ టైమ్‌లో ఒక షూటర్ గేమ్ చేస్తున్నా, పేరు ప్రస్తుతానికి "షెడ్డు". కథ అంతా ఒక పాత నేరో గేజ్ రైలు షెడ్డులో. ఇక్కడోళ్ళకి ఆ లైను గురించి చెప్పక్కర్లేదు, బయటోళ్ళ కోసం రాస్తున్నా: నౌపడా నించి మా ఊరికి 1900లో వేసారు, రెండున్నర అడుగుల గేజు, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, 2004లో ఆపేసి బ్రాడ్ గేజ్‌కి మార్చేసారు. చిన్న బోగీలు, నీళ్ళ ట్యాంకు, బొగ్గు కుప్పలు, ఇనప చక్రాలు, ఇవన్నీ ఫైట్‌కి భలే పనికొస్తాయి, దాక్కోడానికి చోటుంటుంది, పైకెక్కడానికి చోటుంటుంది, విసరడానికి సామానుంటుంది.

శత్రువులు నడిచే చెక్కబొమ్మలు. ఒకటి తలొంచుకుని దూసుకొస్తుంది, ఒకటి ఇనప డాలు పట్టుకుని మెల్లగా వస్తుంది, ఒకటి పిట్టలాగ పైన ఎగురుతూ రాళ్ళేస్తుంది. మన చేతిలో పిస్టల్, షాట్‌గన్, మేకుల గన్, అయస్కాంతం గన్. గేమ్‌లు తయారుచేసే గొడో ఇంజిన్ 4లో చేస్తున్నా, 3డి బొమ్మలు బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో.

ఈ డైరీ గేమ్ మొత్తం గురించి కాదు, ఒకే ప్రశ్న గురించి. చేతిలో నాలుగు వెపన్లు ఉంటే ప్లేయర్ నాలుగూ తిప్పి చూస్తాడా, చూస్తే ఫైట్ ఎక్కువ ఎంజాయ్ చేస్తాడా, చూడకపోతే ఎందుకు చూడడు. షూటర్లలో గొప్పవి అనుకునేవాటన్నిట్లోనూ ఈ "ఇలా చేస్తే ఏమవుద్దో" అనే గుణం కనబడుతుంది, 1993 డూమ్‌లో ఒక రాక్షసుడి గుండు ఇంకోడికి తగిలేలా చేసి వాళ్ళలో వాళ్ళకి గొడవ పెట్టడం, 1996 క్వేక్‌లో రాకెట్ కాళ్ళ కింద పేల్చుకుని ఆ ఊపుతో పైకి ఎగరడం, హెల్త్ కొంచెం పోతుంది కానీ ఎక్కలేని చోటు ఎక్కేస్తాం. దీన్ని తెలుసుకుని కట్టాలంటే ముందు జనం ఆడుతుంటే పక్కన కూర్చుని చూడాలి.

బస్టాండు దగ్గర మా ఫ్రెండుకి జెరాక్స్ షాపు ఉంది, వెనక గదిలో రెండు పీసీలున్నాయి, సాయంత్రాలు అక్కడే ప్లేటెస్ట్, అంటే జనం చేత ఆడించి చూడడం. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్ళు, సగం మంది తెలుగు, సగం మంది ఒడియా, అందరూ రెండూ కలిపి మాట్లాడతారు, టిఫిన్‌కి ఎదురుగా బండి మీద బరా (గారెలు), ఘుగుని (బఠానీ కూర).

మే చివర

మొదటి బిల్డులో (ఆడించి చూసే ఒక్కో వెర్షన్‌ని బిల్డు అంటాం) ఏ తిప్పలూ పెట్టలేదు. నాలుగు వెపన్లు మొదట్నించీ చేతిలో, గుళ్ళు సమృద్ధిగా. ప్రతి షాట్‌కీ ఒక లైన్ లాగ్ ఫైల్లో పడేలా రాసా: ఏ వెపన్, ఎంత దూరం, ఎవరికి తగిలింది, దేనికి తగిలింది, వెపన్ మార్చి ఎంతసేపైంది. చచ్చిన ప్రతి బొమ్మకీ "ఎలా చచ్చింది" అని ఒక లైన్.

లాగ్ తెరిస్తే షాట్‌గన్ షాట్‌గన్ షాట్‌గన్. మేకుల గన్ మొదటి నిమిషంలో ఓసారి పేల్చి చూస్తారు, "ఇది వీక్ అన్నా" అంటారు, పక్కన పడేస్తారు. అయస్కాంతం గన్ అయితే కొందరు అసలు ముట్టుకోలేదు. ఆట అయ్యాక ఎలా ఉందిరా అంటే "బానే ఉంది", అంతే. ఆ "బానే ఉంది"లో ఉత్సాహం లేదని ఎవరికైనా తెలుస్తుంది, మళ్ళీ ఆడతావా అంటే ఫోన్ చూసుకుంటారు.

ఇక్కడ ఒకటి గమనించా. ఈ కుర్రాళ్ళందరూ బీజీఎంఐ (పబ్‌జీ ఇండియా వెర్షన్), ఫ్రీ ఫైర్ మ్యాక్స్ లాంటి మొబైల్ షూటర్లు ఆడి పెరిగినోళ్ళు. ఆ ఆటల్లో చస్తే మామూలుగా మ్యాచ్ అయిపోయినట్టే, అంచేత మ్యాచ్ మధ్యలో తెలియని గన్‌తో ప్రయోగం చెయ్యడమంటే స్క్వాడ్‌తో తిట్లు తినడమే, కొత్తది ఏదైనా ట్రై చెయ్యాలంటే ట్రైనింగ్ గ్రౌండ్‌కి వెళ్తారు. ఆ జాగ్రత్త నా గేమ్‌లోకి కూడా మోసుకొచ్చారు. అలాగని అదే ఆటల్లో ఇంకో వైపు కూడా ఉంది, దిగిన చోట ఏ గన్ దొరికితే దాంతోనే నెట్టుకురావాలి, అలా బలవంతాన ఎన్నో గన్‌లు అలవాటైపోతాయి, దానికి వీళ్ళెవరూ విసుక్కోరు. ఎందుకంటే అది ఎవరో పెట్టిన రూల్‌లా ఉండదు, నా టైమ్ అలా ఉంది ఇవాళ, అన్నట్టుంటుంది.

జూన్ మొదట్లో

రెండో బిల్డులో గుళ్ళు బిగించేసా. షాట్‌గన్‌కి కొన్నే, అయిపోతే వేరేది తియ్యక తప్పదు. ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ 2020లో వచ్చిన డూమ్ ఎటర్నల్. గుళ్ళు కావాలంటే శత్రువుని చైన్‌సాతో, అంటే మోటారు రంపంతో కొయ్యి, కవచం కావాలంటే శత్రువుకి మంట పెట్టు, ప్రాణం కావాలంటే డీలా పడినవాడి దగ్గరికెళ్ళి గ్లోరీ కిల్ (చేత్తో చంపడం) చెయ్యి, కాకోడీమన్ అనే ఎగిరే రాక్షసుడి నోట్లో గ్రెనేడ్ వేస్తే వెంటనే డీలా పడిపోతాడు. అది కుదిరినప్పుడు పియానో వాయించినట్టు అన్ని వేళ్ళూ కదుల్తాయి, నాకు ఆ గేమ్ ప్రాణం. అయితే ఇష్టపడనోళ్ళు కూడా గట్టిగానే ఉన్నారు, వాళ్ళ మాటలో న్యాయం ఉంది: కాకోడీమన్‌కి గ్రెనేడ్ అని గేమే స్క్రీన్ మీద బోర్డు పెట్టి చెప్పేసాక ఇక అక్కడ నేను కనుక్కునేదేముంది, తాళానికి తాళంచెవి పెట్టడమే కదా అని.

నా బిల్డులోనూ అదే జరిగింది. లాగ్ చూస్తే వెపన్లు మారుతున్నాయి, అంకెల్లో వెరైటీ వచ్చేసింది, కానీ మొహాలు చూస్తే మాడిపోయి ఉన్నాయి. షాట్‌గన్ ఖాళీ అవ్వగానే కుర్రాడు "అబ్బా" అంటాడు, మేకుల గన్ తీసి, షాట్‌గన్ గుళ్ళు ఎక్కడ దొరుకుతాయా అని ఆ మూలకి పరిగెడతాడు. మేకుల గన్‌తో ఉన్నంతసేపూ అది శిక్షలాగే ఫీలయ్యాడు. వెపన్ మార్చడం వేరు, ట్రై చెయ్యడం వేరు, ఈ రెండూ లాగ్‌లో ఒకేలా కనబడతాయి, ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం అనిపించింది. ఇక్కణ్ణించి లాగ్‌తో పాటు ప్లేయర్ నోటి మాటలు కూడా పక్కన రాసుకుంటున్నా.

2001 హేలో దీన్ని చాలా తెలివిగా చేసింది. చేతిలో రెండే వెపన్లు, గుళ్ళు అయిపోతాయి, అయిపోయినప్పుడు కింద పడి ఉన్న శత్రువు గన్ తీసుకోవాలి. అక్కడ కూడా బలవంతమే, కానీ నేల మీద నాలుగైదు పడి ఉంటాయి, ఏది తీసుకోవాలో మనం ఎంచుకుంటాం. అలా ఓసారి ప్లాస్మా పిస్టల్ తీసుకుని బటన్ నొక్కి పట్టుకుంటే పెద్ద గుండు తయారవుతుందని, అది తగిలితే ఎలైట్ అనే శత్రువు షీల్డ్ ఒక్క దెబ్బకి పోతుందని తెలుస్తుంది. ఆ క్షణం నించి ఆ చిన్న పిస్టల్ విలువ మారిపోతుంది.

జూన్ మధ్య, మొదటి వానలు

మూడో బిల్డు, పాయింట్లు. కొత్త రకంగా చంపితే ఎక్కువ పాయింట్లు, స్క్రీన్ మీద పేరు పడుతుంది. 2011 బుల్లెట్‌స్టార్మ్ ఇలాగే, ఏ స్టైల్లో చంపితే ఎన్ని పాయింట్లో లిస్టు ఉంటుంది, ఆ పాయింట్లతో గుళ్ళూ అప్‌గ్రేడ్లూ కొనుక్కోవచ్చు. అల్ట్రాకిల్ అనే షూటర్ ఇంకో రకం, ఒకే వెపన్ తెగ వాడితే దాని "ఫ్రెష్‌నెస్" తగ్గిపోయి స్టైల్ పాయింట్లు పడిపోతాయి.

మా గదిలో గోల పెరిగింది, అది నిజం. ఇద్దరు కుర్రాళ్ళు పోటీ పడ్డారు, అరుచుకున్నారు. కానీ లిస్టులో ఉన్నవి పూర్తవ్వగానే ఆపేసారు, లిస్టులో లేనిది ఎవరూ ట్రై చెయ్యలేదు. తర్వాత పాయింట్లు తీసేసిన బిల్డు ఇస్తే మళ్ళీ షాట్‌గన్.

సైకాలజీలో దీనికి దగ్గరగా ఒక పాత ప్రయోగం ఉంది, 1973, లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చేసింది. బొమ్మలెయ్యడం అంటే ముందే ఇష్టం ఉన్న నర్సరీ పిల్లల్లో కొందరికి "స్కెచ్ పెన్నులతో బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా వేసాక ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఖాళీగా వదిలేసినప్పుడు, ముందే ఆశ పెట్టిన పిల్లలు ఆ పెన్నులు తక్కువ ముట్టుకున్నారు. చెప్పకుండా ఇచ్చినోళ్ళకి అలా తగ్గలేదు. అందుకే నా గేమ్‌లో లిస్టు పెట్టను, పాయింట్లు పెట్టను, కొత్తది జరిగితే ఆ జరిగిందే బహుమతి కావాలి. పాయింట్లు బాగా చేసే గేమ్‌లు ఉన్నాయి, అల్ట్రాకిల్‌లో ఆ కదలికే అంత బాగుంటుంది కాబట్టి పాయింట్లు పాటకి తాళం వేసినట్టు ఉంటాయి, కానీ అసలు పాట లేకుండా తాళం మీద గేమ్ నిలబడదు.

జూన్ చివర

సెలవులకి మా అక్క, దాని కూతురు పాతపట్నం నించి వచ్చారు. అమ్మాయి తొమ్మిదో క్లాసు, షూటర్లు పెద్దగా ఆడలేదు. ఇంట్లో లాప్‌టాప్ మీద కూర్చోబెట్టా. బొమ్మలతో యుద్ధం కన్నా ముందు నీళ్ళ ట్యాంకు కాల్చింది.

"మావయ్యా, ఇది పగల్దేటి?"

అప్పటికి ట్యాంకు ఒట్టి బొమ్మే, కొడితే ఇనుము సౌండ్ వస్తుంది, చిన్న నిప్పురవ్వ, అంతే. మళ్ళీ ఓసారి కాల్చింది, ఇంకో చోట కాల్చింది, ఊరుకుంది. ఆ తర్వాత దీపస్తంభం, బొగ్గు బస్తాలు, బోగీ కిటికీ, దేన్నీ కాల్చలేదు. కిటికీ అద్దం పగుల్తుంది నిజానికి. ట్యాంకు దగ్గర జవాబు రాకపోయేసరికి, మిగతా సామాను కూడా అలాంటిదే అనుకుని అడగడమే మానేసింది. ఆ రోజు లాగ్‌లో ఆ లైన్లు వరసగా చూస్తే స్పష్టంగా కనబడుతుంది, ట్యాంకు మీద మూడు షాట్లు, ఆ తర్వాత అన్నీ బొమ్మల మీదే.

నా మట్టుకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన విషయం ఇదే. ప్లేయర్ మొదట్లో గేమ్‌ని ప్రశ్నలు అడుగుతాడు, ఇలా చేస్తే ఏమవుద్ది, అలా చేస్తే ఏమవుద్ది అని, గేమ్ రెండు మూడుసార్లు మౌనంగా ఉంటే ఇక అడగడు, బాగా పనిచేసే ఒక గన్ పట్టుకుని పని కానిచ్చేస్తాడు. అందుకే హాఫ్-లైఫ్ 2 గేమ్‌లో రేవెన్‌హోమ్ అనే ఊరి మొదట్లోనే గోడకి దిగిన రంపం బ్లేడు, పక్కన రెండు ముక్కలైన జాంబీ కనబడతాయి, వస్తువుల్ని లాగి విసిరే గ్రావిటీ గన్ చేతిలో ఉంది, బ్లేడు లాగగానే ఎదురుగా జాంబీ వస్తుంది. ఎక్కడా అక్షరం ముక్క లేదు. ప్లేయర్ అడుగుతాడు, గేమ్ వెంటనే గట్టిగా జవాబిస్తుంది, ఆ తర్వాత ఆ ఊరంతా కనబడిన ప్రతి వస్తువూ లాగి విసురుతూనే ఉంటాం.

జూలై మొదటి సగం

రెండు వారాలు పూర్తిగా జవాబుల మీద పని చేసా. ట్యాంకు పగుల్తుంది, నీళ్ళు కిందికి పారతాయి, తడిసిన చెక్కబొమ్మ ఉబ్బి బరువెక్కి నడక మెల్లబడుతుంది, కీళ్ళు కీచుమంటాయి. బొగ్గు బస్తా కాలిస్తే దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ములో బొమ్మలకి మనం కనబడం.

ఒక్కో జత కోసం ఒక్కో కోడ్ రాయకుండా రూల్స్‌గా రాసా. జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ గేమ్ టీమ్ 2017లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో చెప్పిన పద్ధతి ఇదే, వాళ్ళు దాన్ని కెమిస్ట్రీ ఇంజిన్ అన్నారు, మంట, నీరు, కరెంటు లాంటివి వస్తువుల స్థితిని మారుస్తాయి, ఏ వస్తువు అన్నది లెక్క లేదు. నా దాంట్లో గొడో గ్రూపులు, అంటే వస్తువులకి తగిలించే లేబుళ్ళు వాడా: "ఇనుము" గ్రూపులో ఉన్న దేన్నైనా అయస్కాంతం లాగుతుంది, "చెక్క" అయితే తడుస్తుంది, కాలుతుంది. మేకు ఇనుము. మేకు దేంట్లో దిగితే దానికి అంటుకుపోతుంది, మేకు మీద పడిన బలం అది దిగిన వస్తువు మీదకి వెళ్తుంది. రాసినప్పుడు ఇది మామూలు లెక్కే.

సౌండ్లు కూడా. 2005లో వచ్చిన ఫియర్ అనే షూటర్‌లో శత్రువులు ఒకళ్ళకొకళ్ళు అరుచుకుంటూ చెప్పుకుంటారు, వాడు అక్కడున్నాడు, గ్రెనేడ్ వేసాడు అని, ఆ ఏఐ రాసిన జెఫ్ ఆర్కిన్ వివరించింది చదివితే అర్థమవుతుంది, ఆ మాటల వల్లే వాళ్ళు కలిసి ఆలోచిస్తున్నట్టు మనకి అనిపిస్తుంది. నా చెక్కబొమ్మలకి మాటలు పెట్టా, మా జెరాక్స్ ఫ్రెండే గొంతు ఇచ్చాడు. తడిస్తే "ఒళ్ళు బరువెక్కిపోనాది!" అంటుంది, డాలు లాగేస్తే "నా డాలు, నా డాలు!" అని ఖాళీ చేతులు చూసుకుంటుంది. ఇది ఒట్టి నవ్వుల కోసం కాదు, నువ్వు చేసింది పనిచేసింది అని ప్లేయర్‌కి చెప్పడం.

జూలై మధ్య

తర్వాత ఖరీదు తగ్గించడం. సంతలో మామిడిపండు ముక్క కోసి రుచి చూపిస్తే కొత్త రకమైనా కొంటాం, ముందు రెండు కిలోలు తూయించుకోమంటే ఎప్పుడూ కొనేదే కొంటాం. గేమ్‌లో రుచి చూడ్డానికి ఖరీదు ఎక్కడెక్కడ పడుతోందో వెతికా. వెపన్ మార్చడానికి 0.8 సెకను, ఆ లోపు దూసుకొచ్చే బొమ్మ గుద్దేస్తుంది, దాన్ని 0.25కి తెచ్చా. చస్తే లోడింగ్, మళ్ళీ మెట్ల దగ్గర్నించి నడక, దాన్ని తీసేసి ఒక్క సెకనులో ఫైట్ మొదట్లోకి పంపేసా. మేకులకీ అయస్కాంతానికీ గుళ్ళ లెక్క తీసేసి, కాసేపాగితే నిండే పద్ధతి పెట్టా, షాట్‌గన్‌కి మాత్రం లెక్క ఉంచా.

చావు ఖరీదు పూర్తిగా తీసేస్తే భయం పోతుంది, భయం పోతే ప్రయోగానికి రుచి పోతుంది, ఇది కూడా చూసా. అసలు చావే లేని మోడ్ ఇస్తే కుర్రాళ్ళు అన్నీ ట్రై చేసారు కానీ పావుగంటకి లేచిపోయారు. ఓడిపోయే ప్రమాదం ఉండాలి, ఓడిపోయాక వెంటనే ఇంకో ఐడియాతో దూకగలగాలి.

జూలై చివర

జవాబులూ, చవక ఖరీదూ రెండూ కలిపిన బిల్డు మీద ప్లేటెస్ట్. బయట వాన, రెండు పీసీల చుట్టూ జనం.

ఒక కుర్రాడు, మే నెలలో మేకుల గన్ వీక్ అన్నవాడే, డాలు బొమ్మ డాలుని అయస్కాంతంతో లాగేసాడు. అది చాలామంది కనుక్కుంటారు. తర్వాత దూసుకొచ్చే బొమ్మని కూడా లాగబోయాడు, అది చెక్క, కదల్లేదు. "ఇది ఇనుము కాద్రా" అన్నాడు పక్కోడు. వీడు ఒక్క క్షణం ఆగాడు, మేకుల గన్ తీసి నాలుగు మేకులు దాని ఛాతీలో దింపాడు, మళ్ళీ అయస్కాంతం నొక్కాడు. బొమ్మ కాళ్ళు లేచి గాల్లో తేలుకుంటూ వాడి వైపు వచ్చింది, వాడు పక్కకి తప్పుకున్నాడు, బొమ్మ వెళ్ళి బోగీకి గుద్దుకుని విరిగిపోయింది.

గది అంతా ఒక్కసారి లేచింది. వాడు కుర్చీ వెనక్కి తోసి "ఏటన్నా ఇది! నువ్వు పెట్టీవా ఇది?" అని అడిగాడు. నేను పెట్టలేదు, రూల్స్ పెట్టా, ఈ జత వాడు కనుక్కున్నాడు, అదే చెప్పా. వాడి మొహంలో వెలుగు చూస్తే నా ఇన్ని నెలల పని సార్థకమైంది. "దీంతో పిట్టని కూడా కిందకి లాగొచ్చు కదా" అన్నాడు పక్కోడు, ఆ సాయంత్రం షాట్‌గన్‌కి బ్రేక్ దొరికింది. ఆడని కుర్రాళ్ళు కూడా వెనక నించి ఐడియాలు అరుస్తున్నారు, ఒడియాలో ఒకడు, తెలుగులో ఒకడు.

డెసి, రయన్ అనే ఇద్దరి సిద్ధాంతం ఒకటుంది, మనిషికి ఒక పని లోపల్నించి నచ్చాలంటే మూడు కావాలి: నా ఇష్టంతో చేస్తున్నా అనిపించడం, నాకు ఇది వచ్చు అనిపించడం, నలుగురితో కలిసి ఉన్నా అనిపించడం. మేకు ప్లస్ అయస్కాంతం ఆ ఒక్క నిమిషంలో మూడూ ఇచ్చింది. గుళ్ళు బిగించిన బిల్డులో మొదటిదే కొట్టేసా, మిగతావి ఎంత బాగున్నా లాభం లేకపోయింది.

ఆగస్టు

ఊహించినట్టే మేకు-అయస్కాంతం ఇప్పుడు కొత్త షాట్‌గన్ అయ్యింది. అందరూ అదే చేస్తున్నారు. చాలామంది డెవలపర్లు ఇక్కడ డ్యామేజ్ తగ్గించేస్తారు, నేను అలా చెయ్యదల్చుకోలేదు, కుర్రాడు కష్టపడి కనుక్కున్న దాన్ని అప్‌డేట్‌లో లాగేసుకోవడం అన్యాయం. దాని బదులు పరిస్థితి మారుస్తున్నా. ఇరుకు బోగీలో బొమ్మని నీ వైపు లాగితే అది నీ మీదే పడుతుంది. రెండు డాళ్ళు ఒకేసారి వస్తే అయస్కాంతం రెండిటినీ లాగుతుంది, ఒకటి నీకే తగుల్తుంది. ట్రిక్కు బలం అంతే ఉంటుంది, ఎప్పుడు వాడాలో మాత్రం ప్రతిసారీ ఆలోచించాలి.

ఇంకో మాట, ఒక పెద్దాయన వస్తాడు, షాపు పక్కన మొబైల్ రిపేర్ చేస్తాడు, ఎన్ని బిల్డులు మారినా పిస్టల్ ఒక్కటే. తల గురి చూసి ఒక్కొక్కటే కొడతాడు, రోజురోజుకీ గురి పెరుగుతోంది, ఆయన ఎంజాయ్‌మెంట్ ఎవరికీ తీసిపోదు. "నాకు ఇదే బాగుంది బాబూ" అంటాడు. ఆయన ప్రయోగం వెపన్లలో కాదు, ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు వంగాలి, ఏ బొమ్మని ముందు కొట్టాలి అన్నదాంట్లో. లాగ్‌లో వెపన్ కాలమ్ చూస్తే ఏమీ మారనట్టే ఉంటుంది, నిలబడిన చోట్లు మ్యాపు మీద చుక్కలుగా పెడితే అందరికన్నా ఎక్కువ తిరిగింది ఆయనే. అందుకని బోగీ కప్పుల మీదకి ఇంకో రెండు నిచ్చెనలు పెట్టా, ఆయన అడక్కుండానే అదే రోజు ఎక్కేసాడు.

ఇప్పుడు బల్ల మీద ఉన్న పని బొగ్గు యార్డు, రెండో లెవెల్. అక్కడ మంట వస్తుంది, చెక్క కాలుతుంది, తడి చెక్క కాలదు, కాలిన చెక్కలో మేకు నిలబడదు, అంటే మంట పెడితే అయస్కాంతం ట్రిక్కు పోతుంది. ఈ చివరిది ఉంచాలా తీసెయ్యాలా అన్నది దసరాకి మా మేనకోడలు మళ్ళీ వచ్చినప్పుడు ముందు దానికే ఆడించి చూస్తా, ఈసారి ట్యాంకుతో పాటు యార్డులో ఉన్న ప్రతి వస్తువూ జవాబిచ్చేలా చెయ్యాలి, తూకం కాటాతో సహా.